బర్నౌట్ తర్వాత మళ్లీ మొదలుపెట్టేదెట్లా, జర నిమ్మళంగా?

పానగల్ కట్ట (నల్లగొండ)

అందరికీ నమస్తే. ఈ ఫోరమ్‌లో చాలా రోజుల నుంచి చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పని చేసీ చేసీ ఒళ్లూ మనసూ పూర్తిగా అరిగిపోవడాన్ని బర్నౌట్ అంటారు కదా, నా సంగతి అదే. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

తొమ్మిదేళ్లు హైదరాబాదులో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నర దాకా డౌట్స్ క్లాసు. ఆదివారం వీక్లీ టెస్టు, ఆ రాత్రే పేపర్లు దిద్దడం, సోమవారం పొద్దున మార్కుల మీటింగు.

పోయిన జనవరిలో ఒకరోజు బోర్డు మీద కుంభాకార కటకం గీస్తున్నాను. కొన్ని వేలసార్లు గీసిన బొమ్మ. సగం గీశాక చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఏం గీయాలో తెలుస్తూనే ఉంది, చాక్‌పీసు బోర్డుకు ఆని ఉంది, చెయ్యి మాత్రం కదలడం లేదు. మొదటి బెంచీలో పిల్ల లేచి "మేడమ్, నీళ్లు తాగుతారా" అని తన బాటిల్ ఇచ్చింది. ఆ బాటిల్ పట్టుకుని క్లాసు ముందే ఏడ్చేశాను. నెల తిరక్కుండానే రాజీనామా ఇచ్చి పానగల్లులో అమ్మ దగ్గరికి వచ్చేశాను.

మొదటి రెండు నెలలు నిద్రే నిద్ర. కొంచెం తేరుకున్నాక భయం పట్టుకుంది. 34 ఏళ్లు వచ్చాయి, ఇట్లా పడుకుంటే ఏం కాను అని. ఒక కొత్త నోటుబుక్కు కొని గళ్లు గీశాను. ఐదింటికి లేవడం, పదివేల అడుగులు నడవడం, ఇరవై నిమిషాలు ధ్యానం, లెక్చరర్ అర్హత కోసం రాసే నెట్ పరీక్షకు రెండు గంటలు, రోజుకు ఇరవై పేజీలు, చక్కెర బంద్, ఫోన్ బంద్. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని విన్నాను. ఎనిమిది రోజులు ఒక్క గడి వదలకుండా చేశాను. తొమ్మిదో రోజు పొద్దున మంచం దిగలేకపోయాను. సాయంత్రం లేచి ఆ రోజు గళ్లన్నిట్లో ఎర్రపెన్నుతో ఇంటూలు పెట్టాను. పెట్టాక చూస్తే అవి అచ్చం నేను పిల్లల పేపర్లలో పెట్టే ఇంటూలే.

అప్పటి నుంచి నోటుబుక్కు ముట్టలేదు. బాగుపడాలని ఉంది. కానీ బాగుపడే పని కూడా నాకు ఆ కాలేజీలాగే తయారైంది. మీలో ఎవరైనా ఈ దారిలో నడిచారా? ఎట్లా మొదలుపెట్టారు?

పొద్దుగాల (వనపర్తి)

అక్కా, మీ బాధ అర్థమైంది. నేను కానిస్టేబుల్ ఉద్యోగాలకు పెట్టే ఈవెంట్స్‌కు, అంటే పరుగులాంటి పరీక్షలకు, పిల్లలకు గ్రౌండ్‌లో ట్రైనింగ్ ఇస్తాను. పదేళ్లలో చూసింది చెప్తున్నా, తప్పుగా అనుకోకండి. పడుకున్నకొద్దీ పానం ఇంకా బరువెక్కుతుంది. ఎనిమిది రోజులు చేసినవాళ్లు ఇరవై ఒకటీ చేయగలరు. తొమ్మిదో రోజు పోయిందని పుస్తకం మూయడమే తప్పు. రేపు ఐదింటికి మళ్లీ లేవండి. క్రమశిక్షణ లేకుండా ఎవ్వరూ బాగుపడలేదు.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

తమ్మీ, నీ మంచి మనసు తెలుస్తుంది గానీ ఈ విషయంలో నీ మాట నేను ఒప్పుకోను. నా అనుభవం వేరే.

నాది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2021లో ఇంటి నుంచి పని చేస్తూ చేస్తూ రాత్రి రెండింటికి కూడా ల్యాప్‌టాప్ మూయలేని స్థితికి వచ్చాను. మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టి మహబూబ్‌నగర్ వచ్చాను. పదిహేను రోజులు కూడా ఊకె కూర్చోలేదు. జిమ్‌లో చేరాను, రెండు ఆన్‌లైన్ కోర్సులు కొన్నాను. సెలవు అయిపోయేలోపు కొత్త మనిషినై వెళ్లాలని. రెండోసారి పడిపోయింది అప్పుడే, మొదటిసారికన్నా గట్టిగా. మొదటిసారి తప్పు కంపెనీది అనుకున్నాను. రెండోసారి తప్పు నాదే అనిపించింది, అందుకే తట్టుకోలేకపోయాను. అక్క ఎర్ర ఇంటూల గురించి రాసింది చదివి నాకు అదే గుర్తొచ్చింది.

ఇంకోటి చెప్పాలి. మా పాలమూరులో ఊకె కూర్చోవడం అంటే సిగ్గు. మా తాత, మా బాపు ఇద్దరూ బొంబాయి వలస పోయినవాళ్లే. పాలమూరు లేబర్ అంటే దేశం మొత్తం తెలుసు, డ్యాములకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసిన చేతులు. కరువులో కూర్చుంటే కూడు లేదు. ఆ భయం మా రక్తంలోనే ఉంది. మా నాయనమ్మ మంచం మీద పడుకున్న నన్ను చూసి "పానం మంచిగ లేదా బిడ్డా" అని అడగలేదు, "పనికి పోతలేవా" అని అడిగింది. ఆమె తప్పు లేదు. కానీ ఆ గొంతు నా లోపల కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నా పేరు చూశారు కదా. మా ఊరి మర్రిని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, దాదాపు ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2017 చివర్లో చెదలు పట్టి కొమ్మలు కూలితే జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. 2018లో ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టు చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీశారు, చెదల మందు చుక్క చుక్క ఎక్కేటట్టు. బరువు కొమ్మల కింద దిమ్మెలు, పైపులు నిలబెట్టారు. ఆ టైమ్‌లో చెట్టుకు చిగురు ఎప్పుడు వేస్తావని ఎవరూ లెక్క కట్టలేదు. చెదలు ఆగాయా, కొమ్మ నిలబడిందా, ఇంతే చూశారు. నేను కూడా రెండోసారి పడ్డాక అదే చేశాను. ఆరు వారాలు కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు. ఏది నన్ను తింటుందో దాన్ని ఆపడం మీదే ఉన్నాను. పడుకునే గదిలో నుంచి ఛార్జర్ తీసేశాను. ఆఫీసు గ్రూపులు మ్యూట్ కాదు, వదిలేశాను. అంతే.

తెల్లకోటు (సూర్యాపేట)

నేను స్టాఫ్ నర్సుని. ముందు ఒక ముఖ్యమైన మాట, మిగతావన్నీ తర్వాత.

అక్కా, రక్తపరీక్షలు చేయించారా? హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి, షుగర్. ఇవి తక్కువైనా ఎక్కువైనా మనిషి ఇట్లాగే మంచానికి అతుక్కుపోతాడు. కరోనా డ్యూటీల తర్వాత నాకూ ఇదే వచ్చింది. మనసు బాగలేదని ఆరు నెలలు అనుకున్నాను. చూపించుకుంటే హిమోగ్లోబిన్ 8. మనసూ బాగలేదు, రక్తమూ లేదు. ఐరన్ మాత్రలు వాడితే మెట్లు ఎక్కినప్పుడు వచ్చే ఆయాసం తగ్గింది. మిగిలినదానికి నాకు వేరే సాయం కావాల్సి వచ్చింది, తీసుకున్నాను.

రెండో మాట. బర్నౌట్‌కూ డిప్రెషన్‌కూ పైకి పోలికలు చాలా. పని నుంచి దూరంగా ఉన్నా, ఇష్టమైనవాళ్లు వచ్చినా, ఇష్టమైనది తిన్నా ఏమీ అనిపించకపోవడం, అది రెండు వారాలు దాటినా తగ్గకపోవడం, ఉండి ఏం లాభం అన్న ఆలోచన రావడం, ఇవి ఉంటే ఇక్కడ మా సలహాలు చదువుతూ ఆగకండి. మనసు బాగలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్, నంబర్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక విభాగం ఓపీ కూడా ఉంటుంది. అక్కడికి వెళ్తే ఎవరైనా చూస్తారని చాలామంది ఆగిపోతారు. మేము రోజూ చూస్తాం కదా, వచ్చేవాళ్లు అందరూ మనలాంటి మామూలు మనుషులే.

పానగల్ కట్ట

పరీక్షలు చేయించలేదు. రేపు పొద్దున పరగడుపున వెళ్తాను. ఉండి ఏం లాభం అన్నంత దూరం రాలేదు. నిన్న మేనకోడలు వస్తే నవ్వాను కూడా. కానీ నంబర్ రాసి పెట్టుకున్నాను.

పిల్లలమర్రి అన్నా, "పనికి పోతలేవా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. నేనే నాతో రోజూ అంటున్నాను.

మనసు ముచ్చట (మహబూబ్‌నగర్)

కౌన్సెలింగ్ పని చేస్తాను. అందరికీ ఉపయోగపడతాయని రెండు మూడు విషయాలు చెప్తాను.

బర్నౌట్ అన్న మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త వాడారు. న్యూయార్క్‌లో పేదలకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో పని చేస్తూ, తనలోనూ తోటివాళ్లలోనూ చూసినదాన్నే రాశారు. మంచి పని అని ప్రాణం పెట్టినవాళ్లే ముందు కాలిపోయారు. టీచర్లు, నర్సులు దీంట్లో ఎక్కువగా కనిపించేది అందుకే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన జబ్బుల జాబితాలో వివరించింది గానీ, జబ్బుగా కాదు, పనిచోట పుట్టే పరిస్థితిగా. మూడు లక్షణాలు చెప్పింది. శక్తి పూర్తిగా ఇగిరిపోవడం, పని మీద విరక్తి పుట్టి మనసు దూరం జరగడం, నేనేమీ సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావం.

"పనిచోట పుట్టే" అన్న మాటను దయచేసి మళ్లీ ఒకసారి చదవండి. క్రిస్టినా మస్లాక్ అనే పరిశోధకురాలు జీవితమంతా దీని మీదే పనిచేశారు. మనిషికీ పనికీ ఆరు చోట్ల పొసగకపోతే ఇది వస్తుందని ఆమె, ఆమె సహచరుడు చెప్పారు. పని బరువు, పని మీద మన చేతిలో ఉన్న అధికారం, దక్కే ప్రతిఫలం, తోటి మనుషులు, న్యాయం, విలువలు. ఈ ఆరింటిలో "ఐదింటికి లేవకపోవడం" ఎక్కడా లేదు. మరి మనం మందు మాత్రం అక్కడే వెతుకుతాం. పని వల్ల అరిగిపోయి, మన గుణంలో లోపం ఉందని దిద్దుకోవడానికి కూర్చుంటాం.

ఇక 21 రోజుల సంగతి. 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతుందని పుస్తకంలో రాశాడు. అది నోటా నోటా తిరిగి, ఏ అలవాటుకైనా 21 రోజులే అని మారింది. 2009లో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించింది. సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పడుతుందని ఆ లెక్కల నుంచి అంచనా కట్టింది. పానగల్ మేడమ్, మీకు కావాల్సిన విషయం ఇదీ: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడం ఆగలేదు. మీ తొమ్మిదో రోజు ఇంటూకు ఈ పరిశోధనలో ఆధారం లేదు.

పదివేల అడుగులు కూడా అంతే. 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది, దాని పేరులోనే పదివేల అడుగులు అని ఉంది. ఆ అంకె అట్లా ప్రపంచమంతా పాకింది.

నేను నా దగ్గరికి వచ్చేవాళ్లతో చేయించేది చాలా చిన్నది. మంచి రోజున ఎంత చేయగలరో అడగను, అన్నిటికన్నా పాడు రోజున కూడా ఏం చేయగలరో అడుగుతాను. అదే లెక్క. మంచి రోజు వచ్చినా దాని మీద ఎక్కువ పెంచొద్దంటాను. తేరుకుంటున్నవాళ్లు మంచి రోజున రెండింతలు చేసి, తర్వాత మూడు రోజులు పడిపోతారు. దీన్ని నేను ఎంతమందిలో చూశానో చెప్పలేను.

మిల్లు లెక్కలు (మిర్యాలగూడ)

అందరి మాటలూ చదివాను. బాగున్నాయి. కానీ నాకు కోపం కూడా వచ్చింది, మనసులో పెట్టుకోకుండా రాస్తున్నాను.

నేను ఒక రైస్ మిల్లులో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. వడ్లు వచ్చే సీజన్‌లో రాత్రి పదకొండు దాకా లారీల కాటా చీటీలు. ఇంటికి వచ్చాక కూడా ఫోన్లే. మా ఆయనకు కిడ్నీ సమస్య. ఇంటి లోను నెలకు పద్నాలుగు వేలు. నేను రాజీనామా ఇవ్వలేను, మూడు నెలల సెలవు అడగలేను. మర్రిచెట్టుకు ఈఎంఐ ఉండదు అన్నా. నా బండ్ల లెక్క తప్పిన రోజు నేనూ టేబుల్ మీద తల పెట్టి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్క చూసుకున్నాను. పనిలో ఉంటూనే తేరుకోవాల్సినవాళ్లకు ఏమన్నా చెప్పండి. లేకపోతే ఇది ఉద్యోగం మానగలిగినవాళ్ల ముచ్చటే అవుతుంది.

పిల్లలమర్రి

అక్కా, మీరు అన్నది న్యాయం. నా చేతిలో కొంచెం పొదుపు ఉంది, పెళ్లి కాలేదు. అది నేను ముందే చెప్పాల్సింది.

మనసు ముచ్చట

మిల్లు అక్కా, మీ ప్రశ్న అసలైనది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాగే పని మానలేనివాళ్లు. పైన చెప్పిన ఆరింటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి, కొంచెం కదులుతుందా అని చూడండి. పని బరువు తగ్గించమంటే మీ యజమాని ఒప్పుకోకపోవచ్చు. కానీ ఇంటికి వచ్చాక వచ్చే ఫోన్లు? అన్నీ నిజంగా మీకే రావాలా? ఒక వారం ఎవరు, ఎన్నింటికి, ఎందుకు చేశారో చీటీ మీద రాయండి. మీరు లెక్కల మనిషి, మీకు ఇది రెండు నిమిషాల పని. ఆ చీటీ చూసి మాట్లాడుకుందాం. కొత్త అలవాటు ఏదీ పెట్టుకోకండి, ధ్యానం కూడా వద్దు.

బత్తాయి తోట (నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. నేను రైతును. రాసేది మా అబ్బాయి, చెప్పేది నేను.

అమ్మా పానగల్ మేడమ్, మీరు నోటుబుక్కు గళ్లు అంటే నాకు నా బోర్లు గుర్తొచ్చినయ్. బోర్లు ఎండినప్పుడు తోట పోతుందని ఒకదాని తర్వాత ఒకటి ఏడు బోర్లు వేశాను. ప్రతిసారీ ఈసారి పడుతుందనే. ఏడోది కూడా దుమ్ము కొట్టినాక వాకిట్లో మంచం మీద కూర్చున్నాను. ఆరు నెలలు లేవలేదు. దాన్ని బర్నౌట్ అంటారని మా అబ్బాయి ఇప్పుడు చెప్తున్నాడు. మా ఇంటామె డాక్టరు దగ్గరికి తోలుకపోయింది. మందులు వాడాను, దాచడానికి ఏం లేదు.

లేచాక మొత్తం తోట బాగుచేయాలని పోలేదు. పోతే మళ్లీ మంచమే. బతికిన చెట్లు నూట పది ఉన్నయ్. రోజుకు ఒక్క చెట్టు పాదు చేసేవాణ్ని. గడ్డి తీసి, ఎండు పుల్లలు కోసి, మట్టి లాగి, ఇంటికొచ్చి పండుకునేది. పొద్దున ఏడింటికి పోతే ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండేవాణ్ని. ఊళ్లో వాళ్లు "గింత సేపేనా" అనేవాళ్లు. ఒక్కోరోజు ఆ ఒక్కటీ చేసేవాణ్ని కాదు, పోయి చెట్టు కింద కూర్చొని వచ్చేది. నాలుగు నెలలకు నూట పది పాదులైనయ్.

ఇంకొక్క మాట. బత్తాయి చెట్టును పూతకు ముందు నీళ్లు ఆపి వాడబెడతాం. చెల్క నేల అయితే తక్కువ రోజులు, నల్లరేగడి అయితే ఎక్కువ రోజులు. పక్క తోటాయన నీళ్లు విడిచాడని మనం విడవకూడదు, మన నేల వేరే. విడిచేటప్పుడు కూడా మొదటి తడి పలచగా ఇయ్యాలె. వయసులో ఉన్నప్పుడు తొందరపడి మొదటి తడికే పాదులు నిండా పారించాను. పూత, పిందె చేతికి రాలేదు. మీరు మంచం దిగీ దిగగానే ఏడు పనులు పెట్టుకున్నారంటే నాకు ఆ ఏడాది కళ్లముందు కనపడ్డది.

పొద్దుగాల

బత్తాయి పెదనాన్నా, మీ మాట రెండుసార్లు చదివాను. పానగల్ అక్కా, నేను మొదట రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మా దగ్గర 1600 మీటర్ల పరుగుకు తయారయ్యే పిల్లలకు పిక్క ముందు ఎముక దగ్గర నొప్పి వస్తుంటుంది. రోడ్డు మీద ఎక్కువ పరుగెత్తితే వస్తుంది. అట్లాంటి పిల్లవాణ్ని నేను ఎప్పుడూ "రేపు ఐదింటికి రా, మళ్లీ పరుగెత్తు" అనలేదు. ముందు పరుగు ఆపిస్తాను. నొప్పి పోయాక మట్టి నేల మీద నడిపిస్తాను, తర్వాత మెల్లగా జాగింగ్. ఆ పిల్లవాడు ఏడుస్తాడు, వెనకబడిపోతున్నా సార్ అని. నేనే ఆపి కూర్చోబెడతాను. కాలికి ఇంత తెలిసినవాణ్ని మీ మనసుకు వచ్చేసరికి "మళ్లీ లేవండి" అని రాశాను. కనపడే దెబ్బ కాదు కదా, అందుకు.

సగం మాత్రం వెనక్కి తీసుకోను. పూర్తిగా పడుకోవద్దు. ఒక టైముకు లేవడం అనేది ఒకటి ఉంచుకోండి. ఐదు కాకపోతే ఏడు. ఏడు కాకపోతే ఎనిమిది. కానీ రోజూ అదే టైము.

తెల్లకోటు

దీనికి నా ఓటు కూడా. నిద్ర పట్టే టైము మన చేతిలో ఉండదు, లేచే టైము కొంచెం ఉంటుంది. లేచాక పావుగంట వెలుతురులో కూర్చోండి. నైట్ డ్యూటీలు చేసే మాకు ఇదొక్కటే ఆధారం.

గద్వాల కోడలు

ఇంట్లో పనికి బర్నౌట్ అంటారో లేదో తెలియదు. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లు. రాత్రిపూట కూడా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. జీతం లేదు, రాజీనామా లేదు. ఈ మధ్య ఆమె పిలిస్తే కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు ఏడుపొస్తుంది. ఇక్కడ రాయొచ్చా?

మనసు ముచ్చట

తప్పకుండా రాయొచ్చు చెల్లీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్ అన్న పేరును ఉద్యోగానికే వాడమంది. పేరు సంగతి పక్కన పెట్టండి. రాత్రి రెండు గంటలకోసారి లేచే మనిషికి నాలుగేళ్ల నిద్ర బాకీ ఉంది. కోపం రావడం మీ మంచితనం పోవడం వల్ల కాదు, నిద్ర లేకపోవడం వల్ల.

తెల్లకోటు

చెల్లీ, ముందు ఆ రాత్రుల సంగతి చూద్దాం. గాలి పరుపు వాడుతున్నారా? బెడ్‌సోర్స్ రాకుండా సాయం చేస్తుంది. పక్క మార్చడం మానకూడదు గానీ, అది ఉంటే ఎంతసేపటికోసారి మార్చవచ్చో మీ డాక్టరును అడగండి. ఆడబిడ్డలు ఎంతమంది? నెలకు రెండు రాత్రులు ఒకరు వచ్చి ఉండాలని అడగండి. మీ ఆయన చేత అడిగించండి, మీరే అడగాల్సిన పని లేదు. మా వార్డులో చూస్తుంటాను, కోడలు అడిగితే ఫిర్యాదు అంటారు, కొడుకు అడిగితే వస్తారు. ఇది సరైంది కాదు, కానీ ముందు మీరు నిద్రపోవాలి.

గద్వాల కోడలు

ఇద్దరు ఆడబిడ్డలు. ఒకరు రాయచూరు, ఒకరు ఇక్కడే ఐజ. ఈ రాత్రికే మా ఆయనతో మాట్లాడతాను.

మిల్లు లెక్కలు

చీటీ రాశాను. వారంలో రాత్రి ఎనిమిది తర్వాత 41 ఫోన్లు. అందులో నేను మాత్రమే చెప్పాల్సినవి 6. మిగతా 35 గుమస్తా రిజిస్టర్ తెరిస్తే దొరికేవే. అంకె చూసి నేనే కాసేపు అట్లా కూర్చున్నాను. పదకొండేళ్లుగా సేఠ్ లెక్క తప్పకుండా రాస్తున్నాను, నా లెక్క ఇదే మొదటిసారి రాసుకోవడం.

రేపు ఆ చీటీ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్తున్నాను. తొమ్మిది తర్వాత గుమస్తాకు చేయమని, లారీ గేటు దగ్గర ఆగిపోతేనే నాకు చేయమని అడుగుతాను.

పిల్లలమర్రి

అడగండి అక్కా. చీటీ ఆయన ముందు పెట్టండి, మాటల కన్నా అది బాగా చెప్తుంది. మేమందరం ఇక్కడ ఎదురుచూస్తుంటాం.

పానగల్ కట్ట

మూడు వారాలైంది. చెప్పాల్సినవి ఉన్నాయి.

పరీక్షల్లో విటమిన్ డి, బి12 రెండూ తక్కువ. తొమ్మిదేళ్లు పొద్దు పొడవకముందు లోపలికి పోయి చీకటి పడ్డాక బయటికి వచ్చినదాన్ని, డి ఎక్కడి నుంచి వస్తుంది. మందులు మొదలయ్యాయి. 14416కు కూడా ఒకసారి చేశాను. ఒక ఆమె ఎక్కడా తొందరపెట్టకుండా విన్నది. నల్లగొండలోనే చూపించుకోమని చెప్పింది, పోయిన మంగళవారం వెళ్లాను. మళ్లీ రమ్మన్నారు, వెళ్తాను.

నోటుబుక్కులో గళ్ల పేజీలు చింపలేదు. వాటిని అట్లాగే వదిలేసి వెనక నుంచి మొదలుపెట్టాను. రోజుకు ఒక్క వాక్యం, ఆ రోజు ఏం జరిగిందో. మార్కు లేదు. నిన్నటి వాక్యం: "అమ్మ జొన్నరొట్టె కాలుస్తుంటే పక్కన కూర్చున్నాను, చేతిమీద పిండి చప్పుడు విన్నాను."

ఏడింటికి లేస్తున్నాను. మూడు రోజులు తప్పింది. మా ఊరి ఉదయసముద్రం జలాశయం కట్ట మీదికి వెళ్తాను. ఎంత దూరమని కొలవడం లేదు. ఫోన్ ఇంట్లోనే. కట్ట మొదట్లో ఒక వేపచెట్టు ఉంది, పాడు రోజున అక్కడిదాకే పోయి వెనక్కి వస్తాను. మంచి రోజున కొంచెం ముందుకు. మనసు ముచ్చట గారు చెప్పినట్టు మంచి రోజున పెంచకుండా ఆగడమే కష్టంగా ఉంది. మొన్న ఒకరోజు ఉత్సాహం వచ్చి చాలా దూరం నడిచాను, మరుసటి రోజంతా పడుకున్నాను. అప్పుడు అర్థమైంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పక్కింటి పాప తొమ్మిదో తరగతి. మొన్న సాయంత్రం వచ్చి "అక్కా, ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే స్తంభం నీడ పొద్దంతా ఎందుకు కదలదు" అని అడిగింది. మా ఊరి గుడే కదా, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నాకు గుండె దడదడలాడింది. పాఠం చెప్పి నాలుగు నెలలైంది. రెండు కొవ్వొత్తులు వెలిగించి, ఒక చాక్‌పీసు మధ్యలో నిలబెట్టాను. ఒక దీపం జరిపితే దాని నీడ జరుగుతుంది, రెండోది అట్లాగే ఉంటుంది. గుడిలో సూర్యుడి ఎండ నేరుగా పడదు, స్తంభాల మధ్య నుంచి పక్కల వెలుతురు వస్తుంది, అందుకే సూర్యుడితో పాటు నీడ జరగదు అని చెప్తున్నాను. పాప కొవ్వొత్తిని తనే జరిపి చూస్తున్నది, మైనం కారి వేలి మీద పడితే ఊదుకుంటున్నది. ఇరవై నిమిషాలు అయ్యేసరికి మెడ వెనక ఆ పాత బరువు మొదలైంది. కాలేజీలో అయితే ఆ బరువు మీదే ఇంకో మూడు గంటలు చెప్పేదాన్ని.

"మిగతాది రేపు చెప్తాను తల్లీ, ఇప్పుడు అలసిపోయాను" అన్నాను. పాప "సరే అక్కా" అని కొవ్వొత్తులు ఊది వెళ్లిపోయింది.

మరుసటి రోజు తనే ఇంకో ఫ్రెండును తీసుకొచ్చింది.

మిల్లు లెక్కలు

మేడమ్, చదువుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. నా సంగతి కూడా: సేఠ్ పూర్తిగా ఒప్పుకోలేదు. తొమ్మిది అంటే పది అన్నాడు. పదికి ఒప్పుకున్నాను. ఇప్పుడు పది కాగానే ఫోన్ బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి వచ్చేస్తున్నాను. నిన్న రాత్రి ఒక్కసారే మోగింది. నిజంగానే లారీ ఆగింది, మాట్లాడి వచ్చి పడుకున్నాను.

గద్వాల కోడలు

ఐజ ఆడబిడ్డ శనివారం వస్తున్నది. రెండు రాత్రులు ఉంటానన్నది.

బత్తాయి తోట

మంచిది బిడ్డా. శనివారం పండుకో.